ఎంగిలి ఇనుము

తుసురుగా,
మే 14.

చిరంజీవి మిహరుకు,

తుంటి ఎముక అతికింది. చేతికర్ర పట్టుకుని రోజూ వీధి చివర దాకా నడుస్తున్నాను. మీ అమ్మ వంటలో ఉప్పు తగ్గించింది. అది తప్ప ఈ ఇంట్లో చెప్పుకోవలసిన కష్టమేమీ లేదు. కుశలప్రశ్నలు ఇంతటితో సరి.

అసలు విషయానికొస్తాను. మీ మావయ్య తకుజి నాకొక రంగుల కాగితం పంపాడు. 'తకెఫు కొలిమిలో మీ కత్తి మీరే చేసుకోండి, రెండు రోజులు, భోజనంతో సహా' అని పైన అచ్చు వేశారు. కింద మూడు ఫొటోలు. మొదటిదాంట్లో మీ తాతయ్య కూర్చున్న చోట, ఆయన మంట ముందు, గడ్డం పెంచుకున్న మనిషెవడో తలకి గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. ఎవడు వాడు? రెండోదాంట్లో ఒక ఆసామి భుజాన సమ్మెట పెట్టుకుని, ఇనుము పెట్టి కొట్టే దాగలి మీద బూటుకాలు ఆనించి, పులిని చంపినవాడిలా నవ్వుతున్నాడు. అది చూశాక మధ్యాహ్నం అన్నం ముద్ద దిగలేదు. మీ తాతయ్య ఆ దాగలి మీద టీ గ్లాసు కూడా పెట్టనిచ్చేవాడు కాదు.

మూడోదాంట్లో నువ్వు పట్టు కిమోనో కట్టుకుని పళ్లెంలో టీ పట్టుకుని నిలబడ్డావు. ఎనిమిదేళ్లు తాతయ్య పక్కన నిలబడి ఇనుము సాగగొట్టిన పిల్లవి, నీకు మిగిలింది టీ పళ్లెమా?

కొలిమి నా పేర ఉన్న సంగతి నీకు తెలుసు. తన పేర రాయమని తకుజి ప్రతి ఆదివారం ఫోను చేస్తున్నాడు. రాస్తే పక్కన కాఫీ దుకాణం కడతాడట. నా మనసులో ఉన్నది నువ్వు. నవంబరులో కొలిమి తిత్తికి మొక్కే తిత్తుల పండుగ నాటికి తేల్చేస్తాను. ఈలోగా అక్కడ ఏం జరుగుతోందో ఉన్నది ఉన్నట్టు రాయి. తేదీ వెయ్యి. పోయినసారి వెయ్యలేదు.

మీ అమ్మమ్మ
కినుయో

*

తకెఫు,
మే 22.

అమ్మమ్మా,

పైన తేదీ వేశాను, చూసుకో. రేపు తపాలా ముద్ర తేడాగా పడితే ఆ తప్పు నాది కాదు.

ఆ గడ్డపాయన పేరు గోదా. పాతకాలపు ఊరి సెట్టింగు వేసి టిక్కెట్లు అమ్మే చోట కత్తియుద్ధంలో చచ్చిపోయే వేషం వేసేవాడు. రోజుకి నాలుగైదుసార్లు చచ్చేవాడట. మోకాళ్లు పోయాయి, అందుకని మానేశాడు. మంచివాడే. అతని గడ్డం చూసే సగం మంది డబ్బు కడుతున్నారని మావయ్య అంటాడు. గోదాకి పట్టకారు పట్టుకోవడం నేర్పాను. మిగతాది గడ్డం చూసుకుంటుంది.

వచ్చేవాళ్లు రకరకాలు. ఒసాకా వాళ్లు, తోక్యో వాళ్లు, సముద్రాల అవతలి నుంచి వచ్చేవాళ్లు. మొదటి పూట ఇనుము కాల్చి కొడతారు. రెండోరోజు పదును పెట్టి, పిడి వేసుకుని, పేరు చెక్కుకుని పోతారు. దాగలి మీద కాలు పెట్టినాయన పళ్ల డాక్టరు. ఆయన వెళ్లాక దాగలిని ఉప్పునీళ్లతో కడిగాను, నీ మీద ఒట్టు.

అందరూ సంతోషంగా పోతున్నారు. వాళ్లు పట్టుకెళ్లే కత్తి టమాటాని కాగితంలా కోస్తుంది. నాకేం ఇబ్బంది లేదు. కొలిమి సంగతి నీకు నయమై వచ్చాక మాట్లాడుకుందాం. ఇక్కడ వెదురుమొలకలు వచ్చాయి. అమ్మకి చెప్పి ఉప్పు వేయించుకో.

మిహరు

*

తుసురుగా,
జూన్ 30.

చిరంజీవి మిహరుకు,

ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నాను. అందుకే ముందు చిత్తుప్రతి రాసుకుని, దాన్ని చింపి, ఇది రాస్తున్నాను.

వారానికి రెండు పూటలు మీ అమ్మ నన్ను పెద్దవాళ్ల పగటి కేంద్రంలో దింపుతుంది. కాళ్లూచేతులూ ఆడిస్తారు, పాటలు పాడిస్తారు. పాటలప్పుడు నేను కళ్లు మూసుకుంటాను. అక్కడ కుబోత అని ఒకాయన ఉన్నాడు. టైల్స్ కొట్టు నడిపి మానేశాడు. నిన్న నిబంధనకి విరుద్ధంగా చొక్కాలోపల ఒక చెక్కపెట్టె దాచి తెచ్చాడు. అందులో కత్తి. దాని మీద అతని పేరు. 'మే నెలలో తకెఫు వెళ్లి నా చేత్తో నేనే చేసుకున్నాను' అని బల్ల చుట్టూ అందరికీ చూపించాడు. గడ్డపు మేస్త్రీ తన మణికట్టు పట్టుకుని, ఇది సమురాయి మణికట్టు అన్నాడట. ఒకరిద్దరు ముసలమ్మలు ఆ మణికట్టు ముట్టుకుని చూశారు.

తర్వాత దాంతో ఒక పీచు పండు చెక్కు తీశాడు. రసం మోచేతి దాకా కారింది. అది తుడుచుకోకుండా కత్తి అలుగు మీద మిగిలిన రసాన్ని నాలుకతో నాకాడు. అందరి ముందూ.

ఇలా ఇవ్వండి అని తీసుకుని చూశాను. వీపు తిన్నగా ఉంది. అలుగు మందం పిడి దగ్గర నుంచి మొన దాకా ఎక్కడా తడబడకుండా సన్నబడింది. అది ఒక పూటలో వచ్చే పని కాదు. తిప్పి చూశాను. నలుపు వదలని పైభాగంలో సుత్తి మచ్చలు కుడికి ఒరిగి ఉన్నాయి. ఆ ఊళ్లో అందరివీ ఎడమకి ఒరుగుతాయి. ఎడమచేత్తో సుత్తి పట్టేది మన కొలిమిలో ఒక్కతే.

ఆ కత్తి నువ్వు చేశావు. దాని మీద టైల్స్ కొట్టు వాడి పేరుంది.

రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. అక్కడ ఏం చేస్తున్నావు? అతను కొట్టిన ఇనుము ఏమైంది? రెండింటికీ జవాబు కావాలి.

కినుయో

*

తకెఫు,
జూలై 12.

అమ్మమ్మా,

నిజమే. నేనే చేశాను.

గోదాకి మంట చూడటం రాదు. ఎరుపు నారింజలోకి తిరిగినప్పుడు ఇనుము బయటికి తీయమని వందసార్లు చెప్పాను. అతను ఇంకా కాలనిచ్చి, తెల్లగా మండి రవ్వలు చిమ్ముతున్నప్పుడు తీస్తాడు. కాకరపువ్వొత్తిలా రవ్వలు ఎగురుతాయి. అప్పుడే అందరూ చప్పట్లు కొడతారు, అప్పుడే ఫొటోలు తీస్తారు. రవ్వలు వచ్చాయంటే ఉక్కు చచ్చిందని వాళ్లకి ఎవరు చెబుతారు? ఆ చచ్చినదాన్ని చల్లారిపోయాక కూడా దబదబా కొడతారు. లోపల పగుళ్లు. మళ్లీ కాల్చి పదునుకి నీళ్లలో ముంచితే అక్కడే విరుగుతుంది. విరగనిది వంకాయని కూడా కోయదు.

కొట్టడం అయ్యాక ఇనుముని గడ్డిబూడిద పెట్టెలో పెట్టి నెమ్మదిగా చల్లార్చాలి కదా. వాళ్లు ముల్లంగి తురుము వేసిన సోబా నూడుల్స్ తినడానికి వెళతారు. కొలిమి మధ్యలో చెక్కగోడ ఒకటి కట్టాం. పెట్టెని దాని కింద నుంచి ఇవతలికి లాగి, వాళ్లవి తీసేసి, నేను చేసినవి పెట్టి, అవతలికి తోస్తాను. నావి కూడా గోరువెచ్చగా ఉండేలా చూసుకుంటాను. సోబా తిని వచ్చి బూడిదలో చెయ్యి పెట్టి తీసుకుంటారు. 'నాదే, గుర్తుపట్టాను' అంటారు. అందరూ అంటారు.

ఎవరికీ నష్టం లేదు అమ్మమ్మా. మంచి కత్తి పట్టుకెళుతున్నారు.

ఇక్కడ ఎండలు విపరీతం. కీచురాళ్ల గోల మధ్య సుత్తి చప్పుడు నాకే వినబడటం లేదు.

మిహరు

*

తుసురుగా,
జూలై 19.

మిహరుకు,

రెండు ప్రశ్నలు అడిగితే ఒకదానికి జవాబిచ్చి కీచురాళ్ల గురించి రాశావు. బడి పంతులమ్మగా ఉన్నప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇలా రాస్తే సగం మార్కులు కూడా వేసేదాన్ని కాదు.

వేడి కూడా దొంగవేడే అన్నమాట. అది చదివినప్పుడు చెయ్యి కడుక్కోవాలనిపించింది. నీ చేత ఇంత రోత పని చేయిస్తున్న తకుజికి ఈ ఆదివారం ఫోనులో చెప్పవలసింది చెబుతాను. చిన్నప్పుడు వాడు తన బడి లెక్కలు అక్కచేత చేయించి నాకు చూపించేవాడు. ఆ బుద్ధి ఎక్కడికీ పోలేదు.

వాళ్లు కొట్టిన ఇనుము ఏమైందో రాయి.

కినుయో

*

తకెఫు,
ఆగస్టు 3.

అమ్మమ్మా,

మావయ్యని నువ్వు తిట్టిన తిట్లు ఆయన నాకు వరసగా అప్పజెప్పాడు. అన్నీ విని ఊరుకున్నాడు, నా పేరు చెప్పలేదు. అందుకని నేనే చెబుతున్నాను.

గోడ కట్టమన్నది నేను. మార్చడం మొదలుపెట్టింది కూడా నేనే.

మొదట్లో ఒకావిడ వచ్చింది. భర్త పోయి ఏడాదయిందట. ఆయన చేపలు కోసుకునే కత్తి విరిగిందని, అలాంటిది చేసుకుందామని వచ్చింది. గోదా దాన్ని తగలబెట్టాడు. ఆవిడ సోబా తినడానికి వెళ్లినప్పుడు నేను చేసి ఉంచుకున్నది బూడిదలో పెట్టాను. ఆవిడ తీసి చూసి ఏడ్చింది. అది మావయ్య చూశాడు. ఆ తర్వాత ఎవరికి పెట్టాలి, ఎవరికి పెట్టకూడదు అని ఎంచడం నాకు చేత కాలేదు. అందరికీ పెట్టాను.

వాళ్లు కొట్టినవి మరుగుదొడ్డి పక్కన పీపాలో వేస్తున్నాను. పీపా నిండాక మావయ్య వాటిని తీసి, పైన కట్టిన చిట్టెం గీకించి, మళ్లీ కాల్చి, కడ్డీలుగా సాగగొట్టించి వచ్చే జట్టుకి ఇస్తున్నాడు. ఎలాగూ పారేసేదానికి కొత్త ఉక్కు ఎందుకు అంటాడు. ఒకే ముక్కని ఎంతమంది కొట్టారో నాకు తెలియదు. కొన్నిటి మీద, ఎవరిది ఏదో తెలియడానికి కట్టిన పాత వాళ్ల పేరు చీటీల తీగ ఇంకా అతుక్కుని ఉంటుంది.

అడిగావు కాబట్టి చెప్పాను. ఇంకొకటి కూడా చెబుతాను. నాకు గోడ వెనక హాయిగా ఉంది. ఎవరూ చూడరు, ఎవరూ ఏమీ అడగరు. రోజంతా ఇనుము, నేను. తాతయ్య పోయినప్పటికంటే ఇప్పుడు నా చెయ్యి బాగుంది, నువ్వే ఆ కత్తి చూసి ఒప్పుకున్నావు. నువ్వు మాత్రం ఏం చేశావు అమ్మమ్మా? తాతయ్య చిన్న సుత్తితో చూపించిన చోటల్లా నువ్వు జీవితమంతా సమ్మెట వేశావు. కత్తి మీద పడింది ఆయన ముద్ర ఒక్కటే. అది నీకెప్పుడూ రోతగా అనిపించలేదా?

మిహరు

*

తుసురుగా,
ఆగస్టు 17.

మిహరుకు,

పితృదేవతల పండుగ వెళ్లేదాకా ఆగాను. ఆ మూడు రోజులూ ఇంటికి వచ్చే మీ తాతయ్యకి ఈ సంగతి నా మొహంలో కనబడకూడదని.

ఎంగిలి. దానికి వేరే మాట లేదు. ఒకడు తిని వదిలిన విస్తరి దులిపి ఇంకొకడి ముందు వేస్తున్నారు. వాడు చేతులు జోడించి, కళ్లకద్దుకుని తింటున్నాడు. వంట బాగుందని ఫొటో తీసుకుంటున్నాడు. పూటకూళ్ల ఇంట్లో ఇలా చేస్తే ఊరంతా ఉమ్మేస్తుంది. ఇనుము కాబట్టి వాసన రాదు, అంతే తేడా. నిన్న తవుడులో వేసిన చేపల ఊరగాయ జాడీ మూత తీస్తే ఆ వాసన వేసింది. ఎప్పుడూ ఇష్టంగా తినేదాన్ని. నీ పీపా గుర్తొచ్చి మూత పెట్టేశాను.

నా సంగతి అడిగావు. మా మధ్య గోడ లేదు. వీధిలోకి తలుపు బార్లా తెరిచి ఉండేది. బొగ్గులవాడు, కొడవళ్లు కొనే రైతులు, బడికి పోయే పిల్లలు అందరూ నేను తలకి తుండు చుట్టుకుని సమ్మెట వేయడం చూశారు. ఎవరైనా కత్తి మెచ్చుకుంటే మీ తాతయ్య 'మా ఇద్దరిదీ' అనేవాడు. ముద్ర ఆయనది, దెబ్బ నాది, ఊరందరికీ తెలుసు. నన్ను ఎవరూ దాచలేదు. నేనూ దాక్కోలేదు.

తర్వాత జరిగింది కూడా రాయాలి, అది నా వాదానికి పనికిరాకపోయినా. మొన్న కుబోత గారిని పక్కకి పిలిచి ఉన్నమాట చెప్పేశాను. ఆ కత్తి మీరు చేసింది కాదు, నా మనవరాలు చేసింది అన్నాను. ఆయన కొంచెం కూడా కదల్లేదు.

"నాకు తెలియదనుకున్నారా?" అన్నాడు. "నేను కొట్టింది ఎండిన చెప్పులా మెలితిరిగింది. బూడిదలోంచి గీత గీసినట్టు వచ్చింది. నాకు కళ్లు లేవా?"

మరి ఊరంతా ఎందుకు చెప్పుకుంటున్నారని అడిగాను.

"మా అల్లుడు ఇన్నేళ్లలో నన్ను మెచ్చుకున్నది ఒక్క ఈ కత్తికే. మీకు దణ్ణం పెడతాను, గొంతు తగ్గించండి."

అని, ఆ కత్తితోనే పండు ముక్క కోసి నాకు పెట్టాడు. నేను తినలేదు. అబద్ధం ఆడినవాళ్ల మీద కోపం వస్తుంది. విన్నవాళ్లకి కూడా అబద్ధమే రుచిగా ఉంటే ఎవరి మీద కోపగించుకోవాలి?

తకుజికి కొలిమి రాయను. అది నిశ్చయం. నీకు రాయాలనుకున్నాను. ఇప్పుడు ఎవరికి రాయాలి? గోడ వెనక ఉన్న మనిషికా? ఆ గోడ తీసి, మంట ముందు అందరికీ కనబడేలా నువ్వు కూర్చో. కూర్చోలేనంటే కొలిమిని మూసి, దాగలిని పాత ఇనుమువాడికి అమ్మేస్తాను. నేను అనేదే చేస్తానని నీకు తెలుసు.

కినుయో

*

తకెఫు,
సెప్టెంబరు 21.

అమ్మమ్మా,

నెల దాటి రాస్తున్నాను. రాసినవి చింపేశాను.

నువ్వు చెప్పావని కాదు, నాకే సిగ్గేసి, పోయిన వారం ఒక రోజు ప్రయత్నించాను. గోదాని లోపలే పడుకోమని చెప్పి, తాతయ్యవీ నీవీ పాత పనిబట్టలు వేసుకుని మంట ముందు కూర్చున్నాను. ఆరుగురు వచ్చారు. చెప్పులు విడిచి, లోపలికి తొంగిచూసి, నా వెనకాల చూశారు. ఒకాయన చాలా మర్యాదగానే అడిగాడు.

"మేస్త్రీ గారు ఎప్పుడొస్తారమ్మా?"

'మీరు కూర్చోండి, టీ తెస్తాను' అన్నాను. నేనే అన్నాను, ఎవరూ అనిపించలేదు. లోపలికి వెళ్లి గోదాని నిద్ర లేపి పంపించాను. అతను తలకి గుడ్డ చుట్టుకుంటూ వచ్చేసరికి అందరి మొహాలూ విప్పారాయి. నేను గోడ వెనక కూర్చుని విన్నాను. రవ్వలు, చప్పట్లు. అప్పుడు బూడిద పెట్టె కింద నుంచి వచ్చింది. వాళ్ల ముక్కలు తీసి, నావి పెట్టి, తోశాను. చేతులు వాటంతట అవే ఆ పని చేసేశాయి.

హాయిగా ఉందని రాశాను చూడు, అది అబద్ధం. నాకు భయం. ఇనుముకి భయపడను. నన్ను చూసి, నా వెనక ఇంకెవరో ఉన్నారేమోనని వెతికే ఆ చూపుకి భయం.

గోడ తీస్తే వచ్చేవాళ్లు రారు, ఆ మాట మావయ్య అంటున్నాడు, నిజమే. కొడవళ్లు కొనే రైతులు లేరు. నువ్వు అమ్మేస్తానంటే అమ్మేయి. కాదనే మొహం నాకు లేదు.

మిహరు

*

తుసురుగా,
అక్టోబరు 6.

చిరంజీవి మిహరుకు,

నీ ఉత్తరం ఒకటికి రెండుసార్లు చదివాను. ఇన్నాళ్లకి నిజం రాశావు. భయం నాకు రోత కాదు. భయానికి చెక్కలు కొట్టి గోడ చేసి, దాని వెనక హాయిగా ఉన్నానని రాశావే, అది రోత.

ఒకటి చెబుతాను. మీ మావయ్య కడుపులో ఉండగా నేను సమ్మెట పట్టాను. సహాయకుడు ఫ్యాక్టరీకి పోయాడు, వేరే మనిషి దొరకలేదు. నెలకోసారి వచ్చే హోల్‌సేలు వ్యాపారి నన్ను చూసి, పంతులమ్మ గారు తప్పితే మగవాళ్లే కరువయ్యారా ఈ ఊళ్లో, అన్నాడు. నేను సమ్మెట దించాను. మీ తాతయ్య అతనికి జవాబు చెప్పలేదు, నన్ను ఓదార్చలేదు. ఇనుము ఎర్రగా ఉంది. చిన్న సుత్తితో దాని మీద ఒక్కసారి టక్కుమని చూపించాడు, ఇక్కడ కొట్టు అని. కొట్టాను. ఎర్రగా ఉన్న ఇనుము ఎవరి మాట కోసమూ ఆగదు. అతను ఎప్పుడు వెళ్లాడో నేను చూడలేదు.

నీకు ధైర్యం చెప్పడం నాకు రాదు. ఇనుము ఎర్రగా ఉన్నప్పుడు ఎవరి చూపూ నీకు పట్టదని మాత్రం తెలుసు. ముందు మంటలో ఇనుము పెట్టుకుని, అప్పుడు తలుపు తియ్యి.

తిత్తుల పండుగ దాకా ఆగుతాను. ఆ తర్వాత ఆగను.

కినుయో

*

తకెఫు,
నవంబరు 13.

అమ్మమ్మా,

పండుగ నాడు కొలిమి చల్లార్చి, తిత్తిని తుడిచి దాని మీద కమలాపళ్లు పెట్టాను. మావయ్య ఆ రోజు కూడా ఇద్దరికి చోటు అమ్మాడు. తిత్తికి సెలవు రోజు అని చెప్పి తలా రెండు కమలాలు ఇచ్చి పంపేశాను. మావయ్య అరిచాడు. నేను మేకులు పీకే కడ్డీ తీసుకుని గోడ దగ్గరికి వెళ్లాను. కాసేపు చూసి, 'ఆ కింద మేకు తుప్పు పట్టింది, చెయ్యి జాగ్రత్త' అని వెళ్లిపోయాడు. గోదా వచ్చి చెక్కలు మోశాడు. పీపా నిండా ఉన్న ఎంగిలి ఇనుముని పాత ఇనుమువాడికి తూకం వేయకుండా ఇచ్చేశాను.

మర్నాడు ఐదుగురు వచ్చారు. తలుపు తీసేముందే ఇనుము మంటలో పెట్టాను. అదే చూపు, నా వెనకాలకి. ఒకావిడ అడిగింది, మేస్త్రీ ఇంకా రాలేదా అని.

"వచ్చేశానండీ. నేనే. సుత్తి తీసుకోండి."

ఇనుము నారింజలోకి తిరుగుతోంది, బయటికి తీయాలి, తీశాను. ఒకాయన గడ్డపు మేస్త్రీ లేకపోతే డబ్బు వెనక్కివ్వమన్నాడు. మావయ్య ఇచ్చి పంపాడు. మిగిలిన నలుగురు కొట్టారు. రవ్వలు లేవు, చప్పట్లు లేవు. ఎడమచేతి సుత్తికి ఎదురుగా నిలబడటం వాళ్లకి అలవాటయ్యేసరికి పూట గడిచింది. బూడిద పెట్టె వాళ్ల కళ్ల ముందే ఉంది. తినివచ్చి ఎవరిది వాళ్లు తీసుకున్నారు. వంకర వంకరగానే ఉన్నాయి. ఎవరూ 'గుర్తుపట్టాను' అనలేదు. గుర్తుపట్టారు.

రెండోరోజు నీళ్లలో ముంచేటప్పుడు మేస్త్రీ రాలేదా అని అడిగినావిడదే టిక్కుమంది. నాగోయాలో దర్జీ పని చేస్తుంది. అందరూ విన్నారు. గోదా అలవాటు కొద్దీ ఆ ముక్క పట్టకారుతో తీసుకుని గబగబా నడిచి, గోడ ఉండే చోట ఆగిపోయాడు. వెనక్కి వెళ్లడానికి వెనక లేదు. పట్టకారు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు పాపం.

"గోదా గారూ, ఇలా ఇవ్వండి," అన్నాను. ఆవిడ చేతిలో పెట్టాను. "పగిలిందమ్మా. సగం మీ దెబ్బ, సగం నా తప్పు. ఇంకొంచెం ముందే నీళ్లలో పెట్టించి ఉండాలి."

"మరి నేనేం పట్టుకెళ్లాలి?"

"ఇదే. లేకపోతే రేపు మళ్లీ రండి. రేపటికి డబ్బు అక్కర్లేదు."

కుళ్లినదేదో నోట్లో పడ్డట్టు మొహం పెట్టి, ముక్కని సంచిలో పడేసుకుని, సెలవు కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. అయిపోయిందనుకున్నాను. మర్నాడు పొద్దున్న నేను బొగ్గు పోయకముందే గుమ్మంలో ఉంది, చొక్కా చేతులు పైకి మడుచుకుని. "రాత్రి దాన్ని బల్ల మీద పెట్టుకుని చూశాను. నా మీద నాకే అసహ్యమేసింది. మొదటి నుంచి చెప్పండి," అంది.

సాయంత్రానికి ఆవిడ చేసింది చెక్కముక్కలా మందంగా వచ్చింది. ముల్లంగి కోస్తే తెగింది, కష్టపడి. ఆవిడేమీ సంతోషించలేదు. మంచు కరిగాక వస్తానని నా దగ్గర తేదీ రాయించుకుంది.

ఇప్పుడు ఫోను చేసేవాళ్లకి మావయ్య గడ్డపు మేస్త్రీ లేడని, చేసిందే పట్టుకెళ్లాలని చెబుతున్నాడు. నేనే చెప్పమన్నాను. రెండు జట్లు మానేశాయి. చలికాలం ఎలా గడుస్తుందో తెలియదు. నువ్వు ఎవరి పేర రాసినా, దాగలి అమ్మేసినా సరే. గోడ మాత్రం మళ్లీ కట్టను.

మిహరు

*

తుసురుగా,
నవంబరు 25.

తకెఫు కొలిమి యజమాని
మిహరు గారికి,

మీ ఉత్తరం అందింది. నిన్న మీ అమ్మని వెంటబెట్టుకుని రిజిస్ట్రీ ఆఫీసుకి వెళ్లి కొలిమి, దాని స్థలం, పనిముట్లు మీ పేర రాయించాను. నకలు ఇందులో పెట్టాను. అక్షరం అక్షరం చదివి చూసుకోండి, గుమాస్తాలు పొరపాట్లు చేస్తారు.

తకుజికి ఫోను చేసి చెప్పాను. అక్క కూతురి కింద పని చేయాలా అన్నాడు. చేయాలనుంటే మీ దగ్గరికి వచ్చి అడగమన్నాను. నెలజీతానికి పెట్టుకుంటారో లేదో మీ నిర్ణయం, నేను సిఫారసు చేయను.

నా మనసు పూర్తిగా కుదుటపడిందని అనుకోవద్దు. ఆ పీపా గుర్తొచ్చి చేపల ఊరగాయ జాడీ మూత ఇప్పటికీ తీయడం లేదు. మీ కత్తులు ఊరూరా వేరేవాళ్ల పేర్లతో తిరుగుతున్నాయి, వాటిని వెనక్కి తెచ్చే దారి నాకు తోచలేదు. ఆ రోత మీతోనే ఉంటుంది. ఉండనివ్వండి.

మీరు అని రాస్తుంటే చదవడానికి ఎబ్బెట్టుగా ఉంటుందని తెలుసు. మంట ముందు కూర్చున్న మనిషిని ఆ ఇంట్లో ఎవరూ నువ్వు అనరు. మీ తాతయ్యతో వంటింట్లో గిన్నెలు విసురుకునేంత పోట్లాడిన రోజుల్లో కూడా, కొలిమి గడప దాటాక నేను ఆయన్ని మీరు అనే పిలిచాను.

డాక్టరు ప్రయాణానికి ఒప్పుకున్నాడు. డిసెంబరు మొదటి వారంలో, మంచు పడకముందే, తకెఫు వద్దామనుకుంటున్నాను. సమ్మెట ఎత్తే ఓపిక నాకు లేదు. బొగ్గు ముక్కలు సైజు చూసి ఏరగలను. నాకు చోటు ఉంటుందా, ఉంటే ఎక్కడ కూర్చోవాలో మీ వీలు చూసుకుని తెలియజేయగలరు. చెప్పిన చోట కూర్చుంటాను.

ఇట్లు,
కినుయో